ఇద్దరు ముగ్గురయ్యాక...

పెళ్లైన కొత్తలో ఏ సినిమాకెళ్దాం అన్నదే పెద్ద చర్చ. పాపాయి పుట్టి బుడిబుడి అడుగులు మొదలయ్యాక ఆ చర్చ పాల గ్లాసు మీదికీ, రాత్రి నిద్ర మీదికీ, 'మీ అమ్మ అలా అంది' మీదికీ మళ్లుతుంది. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలున్న ఇల్లు భార్యాభర్తలిద్దరికీ రోజూ పరీక్షే. ఆ ఇంట్లో నిజంగా ఏం జరుగుతోంది, ఎవరు ఎంత జరిగి కూర్చుంటే అందరికీ చోటు సరిపోతుంది... అదే ఈవారం ముఖచిత్ర కథనం.

ఉదయం ఆరూ నలభై. హైదరాబాద్ శివార్లలో నిజాంపేటలోనో మియాపూర్‌లోనో నాలుగో అంతస్తులో ఒక ఇల్లు అనుకుందాం. కుక్కర్ మూడో విజిల్ వేసింది. పక్క పొయ్యి మీద ఇడ్లీ పాత్ర ఉంది. రెండేళ్ల పాప నిద్రలేచి, మొహమ్మీద పడ్డ జుట్టుతో హాల్లోకి వచ్చి 'పాలు' అంది. నాన్న ఉత్సాహంగా లేచాడు. గోరువెచ్చగా పాలు కలిపి, నిన్ననే కొన్న ఏనుగు బొమ్మ కప్పులో పోసి చేతికిచ్చాడు. పాప కప్పు వంక చూసింది. నాన్న వంక చూసింది. కింది పెదవి వణికింది. మరుక్షణం నేలమీద పడి దొర్లడం మొదలుపెట్టింది. పాలు సోఫా మీద, కప్పు టీవీ బల్ల కింద.

'స్టీలు గ్లాసులో పోస్తేనే తాగుతుందని తెలీదా?' వంటింట్లోంచి అమ్మ గొంతు.

'నాకెప్పుడు చెప్పావ్?'

'అన్నీ నేనే చెప్పాలా?'

పది నిమిషాల్లో ఆ మాటలు గ్లాసును వదిలేశాయి. రాత్రి పాప ఏడిస్తే ఎవరు ఎన్నిసార్లు లేచారో లెక్క తేల్చాయి. పోయిన సంక్రాంతికి ఎవరి ఊరు వెళ్లారో గుర్తు చేశాయి. ఈలోగా పాప మాత్రం ఏడుపు ఆపి, స్టీలు గ్లాసులో పాలు తాగేసి, పావురాన్ని చూడ్డానికి బాల్కనీలోకి వెళ్లిపోయింది.

ఇలాంటి ఉదయం చాలా ఇళ్లలో ఉంటుంది. ఇంత చిన్న గ్లాసుకు అంత పెద్ద మాటలెందుకు అని మధ్యాహ్నానికి ఇద్దరికీ అనిపిస్తుంది కూడా. కానీ ఆ గ్లాసు సంగతి ఒకరికి తెలిసి, రెండోవారికి తెలియకపోవడం ఒక్క రోజులో వచ్చింది కాదు. దాని వెనక చాలా నెలల కథ ఉంది.

పుట్టింట్లో మొదలైన దూరం

తెలుగిళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. సీమంతం అయ్యాక అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. కాన్పయ్యాక బాలింతకు పథ్యం, బిడ్డకు నూనె రాసి, కాళ్లమీద పడుకోబెట్టుకుని లాలపోయడం... అన్నీ అమ్మమ్మ చేతుల మీదుగా జరిగిపోతాయి. మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి, సారె పెట్టి అత్తింటికి పంపుతారు. ఒళ్లు తేరుకోవాల్సిన సమయంలో తల్లికి విశ్రాంతినీ, పక్కనే అనుభవమున్న మనిషినీ ఇచ్చే మంచి ఆచారం అది.

అయితే ఆ నెలల్లో నాన్న ఎక్కడుంటాడు? ఉద్యోగమున్న ఊళ్లో ఉంటాడు. శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారం పొద్దున దిగి, ఆదివారం రాత్రి మళ్లీ బస్సెక్కుతాడు. బిడ్డను ఎత్తుకుంటాడు, ఫొటోలు దిగుతాడు. తడిసిన గుడ్డ తీయబోతే 'నువ్వెందుకు బాబూ, మేమున్నాంగా' అని అత్తగారు అందుకుంటారు. అల్లుడికి ఇచ్చే మర్యాద అది.

అమ్మ ఆ నెలల్లో ఏ ఏడుపు ఆకలిదో, ఏది నిద్రదో, ఏది కడుపునొప్పిదో నేర్చుకుంది. పాలు పట్టాక బిడ్డను భుజాన వేసుకుని ఎంతసేపు తట్టాలో నేర్చుకుంది. ఆమెకూ ముందు తెలియదు. పొరపాట్లు చేస్తూ, తన తల్లిని అడుగుతూ, అర్ధరాత్రి ఏడుస్తూ నేర్చుకుంది. నాన్నకు ఆ శిక్షణ దొరకలేదు. తల్లీబిడ్డా ఇంటికొచ్చేసరికి ఒకరు ఆరితేరిన వారు, ఒకరు కొత్తగా చేరినవారు. డైపర్ కాస్త వంకరగా పెట్టగానే 'నీకు రాదులే, ఇటివ్వు' అన్న మాట వస్తుంది. ఆ మాట నాలుగుసార్లు విన్న మనిషి ఐదోసారి చెయ్యి చాపడు. ఏడాది తిరిగేసరికి 'ఏదీ పట్టించుకోడు' అని ఆమె, 'ఏం చేసినా తప్పే' అని అతను. ఇద్దరిదీ నిజమే.

ఈ దూరం దేశమంతటి లెక్కల్లోనూ కనిపిస్తుంది. జాతీయ గణాంక కార్యాలయం మనుషులు రోజులో ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో తెలుసుకోవడానికి 2019లో ఒకసారి, 2024లో మరోసారి సర్వే చేసింది. జీతంలేని ఇంటిపని చేసేవారిలో 2024లో మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు ఇస్తే, పురుషులు 88 నిమిషాలు ఇచ్చారు. 2019లో అవి 299, 97. అంటే అయిదేళ్లలో ఆమెకు పది నిమిషాలు మిగిలితే, అతను ఇచ్చే సమయం కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది. ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూడటంలో 15 నుంచి 59 ఏళ్ల మధ్య మహిళల్లో 41 శాతం పాలుపంచుకుంటుంటే పురుషుల్లో ఆ వాటా 21.4 శాతమే. ఆ పనికి ఆమె రోజుకు 140 నిమిషాలు, అతను 74 నిమిషాలు ఇస్తున్నారు.

'పుడితే అన్నీ సర్దుకుంటాయి'

కొత్త దంపతుల మధ్య పొరపొచ్చాలు కనిపిస్తే పెద్దవాళ్లు అనే మాట ఒకటుంది: ఓ పిల్లో పిల్లాడో పుడితే అన్నీ అవే సర్దుకుంటాయి. ఈ నమ్మకం మన ఒక్కరిదే కాదు. అమెరికాలోనూ పసిబిడ్డను సంసారానికి ముడి అనే అనుకునేవారు. ఆ రోజుల్లో, 1957లో ఇ.ఇ. లెమాస్టర్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 46 జంటలతో మాట్లాడి ఒక వ్యాసం రాశాడు. వారిలో 38 జంటలు, అంటే 83 శాతం, తొలి బిడ్డ రాకతో తమ సంసారం తీవ్రమైన సంక్షోభంలో పడిందని చెప్పాయి. బిడ్డ కావాలని కోరుకుని కన్నవాళ్లే చాలామంది. ప్రేమ లేక కాదు, అలవాట్లన్నీ ఒక్కసారిగా తలకిందులైతే ఎలా నిలదొక్కుకోవాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. కొత్తగా పెళ్లైన జంటలను ఏళ్ల తరబడి గమనించి 2000లో ఫలితాలు ప్రచురించింది. తల్లులైన వారిలో 67 శాతం మందికి సంసారంలో సంతృప్తి తగ్గింది. మిగిలిన 33 శాతం మందిలో అది తగ్గలేదు, కొందరిలో పెరిగింది కూడా. ఆ మూడోవంతు ఇళ్లలో ఏముంది? బిడ్డ పుట్టకముందు, పెళ్లైన తొలినాళ్లలో తీసుకున్న సంభాషణల్లోనే జవాబు దొరికింది. ఆ భర్తలు భార్య గురించి మాట్లాడేటప్పుడు ఆప్యాయంగా మాట్లాడారు. ఆమెకు ఏది ఇష్టం, దేనికి భయం, ఈ మధ్య ఏ విషయం మనసులో నలుగుతోంది అన్నవి వాళ్లకు తెలుసు.

బర్‌క్లీలో కెరోలిన్ కోవన్, ఫిలిప్ కోవన్ దంపతులు కూడా గర్భిణిగా ఉన్నప్పటి నుంచి జంటల వెంట నడిచి చూశారు. కొత్త తల్లిదండ్రుల మధ్య గొడవకు కారణాల్లో ముందువరసలో ఉన్నది ఏమిటో వాళ్లు చెప్పింది వింటే ఏ తెలుగింట్లోవాళ్లయినా తలూపుతారు: ఎవరు ఏ పని చేస్తారు అన్నదే.

పాపాయి వైపు నుంచి చూస్తే

ఈ కథలో మూడో మనిషిని మొండిఘటం అనేస్తుంటారు. ఆ వయసు కష్టాలు తెలిస్తే ఆ మాట నోట రాదు.

రెండేళ్ల వయసుకు పిల్లలు రెండు మాటలు కలిపి వాక్యం చేయగలరు. 'అమ్మ రా', 'బువ్వ వద్దు'. మనసులో ఉన్నది మాత్రం రెండు మాటల్లో పట్టేంత చిన్నది కాదు. నిన్నటి గ్లాసే కావాలని, ఆ గ్లాసు మీద వెలుగు పడితే గోడమీద చుక్కలా ఆడుతుందని, అది తనకు ఇష్టమని చెప్పడానికి మాటల్లేవు. ఆవేశానికి కళ్లెం వేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదిగేసరికి మనిషికి ఇరవై ఏళ్లు దాటతాయి. రెండేళ్లకు అది పునాది దశలోనే ఉంటుంది. అందుకే ఏడుపు, దొర్లడం, విసిరికొట్టడం. ఒకటిన్నర నుంచి అయిదేళ్ల పిల్లల మారాం మీద పోటెగల్, డేవిడ్సన్ అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగింట మూడొంతుల పేచీలు అయిదు నిమిషాల్లోపే ముగిశాయి. పెద్దవాళ్ల పేచీకి అలాంటి హద్దు ఉండదు.

అన్నం దగ్గరి గొడవకూ ఇలాంటి కారణమే ఉంది. తొలి ఏడాదిలో బిడ్డ బరువు పుట్టినప్పటికి మూడు రెట్లవుతుంది. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికి తొమ్మిది కిలోలకు చేరుకుంటే, రెండో ఏడాది మొత్తంలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలీ నెమ్మదిస్తుంది. ఆ మార్పు తెలియక 'పోయిన్నెల రెండిడ్లీలు తినేవాడు, ఇప్పుడు ఒక్కటీ తినట్లేదు' అని ఇల్లంతా కంగారు. ఆ కంగారులోంచే ఫోన్ బయటికొస్తుంది. తెర మీద పాట ఆడుతుంటే నోట్లో ముద్ద పడుతుంది. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి అయిదేళ్ల వారికి రోజుకు గంట మించకూడదనీ భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ ఆఫీసు టైమైపోతుంటే ఒకరు ఫోనిస్తారు, ఒకరు లాక్కుంటారు. మధ్యలో ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నం చల్లారిపోతుంది.

అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ ఈ గొడవకు ఒక సులువైన పంపకం చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టి పెట్టాలి అన్నవి పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి బిడ్డ పని. వినడానికి తేలిగ్గా ఉన్నా ఆచరణలో కష్టమే. ఎందుకంటే శుభకార్యానికి వెళ్తే 'పిల్లాడు చిక్కిపోయాడేంటి' అన్న ప్రశ్న తల్లినే వెతుక్కుంటూ వస్తుంది, తండ్రిని ఎవరూ అడగరు. ఆమె గిన్నె పట్టుకుని ఇల్లంతా పరిగెత్తడం వెనక ఆ ప్రశ్నల భయం ఉంది. భర్త 'వదిలెయ్, ఆకలేస్తే వాడే తింటాడు' అన్నప్పుడు ఆమెకు అది ధైర్యంలా వినిపించదు, నిర్లక్ష్యంలా వినిపిస్తుంది. అదే భర్త, పెళ్లి పందిట్లో ఆ ప్రశ్న అడిగిన పెద్దావిడతో 'బాగానే ఉన్నాడు పిన్నీ, డాక్టరుకు నిన్ననే చూపించాం' అని తనే ముందుకొచ్చి జవాబు చెప్తే ఆ రాత్రి గిన్నె పట్టుకునే చేతిలో తొందర తగ్గుతుంది.

'చెప్తే చేస్తాగా!'

మొగుళ్ల నోట తరచూ వినిపించే మాట ఇది. మంచి మనసుతోనే అంటారు. భార్యలకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ నొప్పి కలిగించే మాట కూడా ఇదే.

ఆ నొప్పి ఎక్కడుందో ఆలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త విడమరిచి చూపించారు. 35 జంటలతో మాట్లాడి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఇంటి గురించి ఆలోచించే పనిని ఆమె నాలుగు భాగాలు చేశారు. రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, దానికి ఏమేం దారులున్నాయో వెతకడం, ఒకటి నిర్ణయించడం, అది సరిగ్గా జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. నిర్ణయం దగ్గర భార్యాభర్తలిద్దరూ ఉంటున్నారు. మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా భార్య మీదే పడుతున్నాయి.

మన ఇంటికి అన్వయించి చూద్దాం. జాతీయ టీకాల పట్టిక ప్రకారం బిడ్డకు 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ, పోలియో బూస్టర్లు, మీజిల్స్-రుబెల్లా రెండో డోసు వేయించాలి. ఆసుపత్రికి బండి మీద తీసుకెళ్లింది నాన్నే కావచ్చు. కానీ నెలలు లెక్కపెట్టింది ఎవరు? జలుబు తగ్గేదాకా ఆగాలా అని డాక్టరుకు ఫోన్ చేసింది ఎవరు? ఆ రాత్రి జ్వరం రావచ్చని సిరప్ తెచ్చిపెట్టింది, టీకాల కార్డు ఏ అరలో ఉందో తెలిసింది ఎవరికి? 'చెప్తే చేస్తా' అన్నప్పుడు ఈ పనంతా ఆమె దగ్గరే ఉండిపోయి, పై పని మాత్రమే చేతులు మారుతుంది. పైగా చెప్పడం అన్న కొత్త పని ఒకటి ఆమెకు చేరుతుంది.

కొన్ని ఇళ్లలో దీనికి దొరికిన ఉపాయం ఏమిటంటే పనిని ముక్కలుగా కాకుండా మొత్తంగా అప్పగించడం. 'ఇవాళ స్నానం నువ్వు చేయించు' అనడానికి బదులు, స్నానమంటే స్నానమే ఇక నాన్నది. నీళ్లు కాచడం, నూనె, సున్నిపిండి అయిపోతుంటే ముందే తెప్పించడం, గోళ్లు కత్తిరించే రోజు గుర్తుపెట్టుకోవడం, చలికాలం వస్తే వేళ మార్చడం... అన్నీ అతనివే. దీనికి అటువైపు నుంచి కూడా ఒక సాయం కావాలి. అమ్మ ఆ అరగంటా స్నానాలగది గుమ్మంలో నిలబడకూడదు. నాన్న పాపకు తల చివర్లో తుడుస్తాడు, అమ్మ ముందే తుడుస్తుంది. పాపకు ఏ ఇబ్బందీ లేదు.

బస్సు సీటు చెప్పే సంగతి

తెలుగులో 'సర్దు' అన్న మాట నుంచి రెండు మాటలు పుట్టాయి. ఒకటి సర్దుకుపోవడం. ఇంకోటి సర్దుకోవడం. పెళ్లికూతురికి అప్పగింతల వేళ చెప్పేది మొదటిది. 'సర్దుకుపో తల్లీ' అంటే నీకు నచ్చనిది మింగేసి ముందుకెళ్లమని. తరాల తరబడి ఆడపిల్లల చెవిలో పడిన మాట అది.

రెండోది పల్లెవెలుగు బస్సులో వినిపిస్తుంది. ముగ్గురు కూర్చునే సీట్లో చంటిబిడ్డను చంకనేసుకుని ఒకామె వస్తే 'కాస్త సర్దుకోండమ్మా' అంటుంది. కిటికీ పక్కనున్నామె బుట్టను కాళ్ల కిందికి తోస్తుంది. మధ్యలో ఉన్నతను భుజం వంచుతాడు. చివరనున్న మనిషి కాలు బయటికి పెడతాడు. ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరి చోటూ పోలేదు. ఒక్కొక్కరు నాలుగు వేళ్లు జరిగితే నాలుగో మనిషికి చోటు దొరికింది. పాపాయి ఇంట్లోకి వచ్చినప్పుడు జరగాల్సింది ఇదే. చాలా ఇళ్లలో మాత్రం ఒకరు లేచి నిలబడిపోతారు. ఆ ఒకరు ఉద్యోగం మానేస్తారు, నిద్ర మానేస్తారు, స్నేహితులను మానేస్తారు. కొన్నేళ్లకు ఆ నిలబడ్డ కాళ్ల నొప్పి గ్లాసు మీద అరుపై బయటికొస్తుంది.

గురజాడ అప్పారావు 1910లో రాసిన 'దిద్దుబాటు' కథలో కమలిని ఇల్లొదిలి వెళ్తున్నట్టు ఉత్తరం రాసిపెట్టి భర్తకు బుద్ధి చెబుతుంది. చదువుకున్న భార్య మింగి ఊరుకోనక్కర్లేదని, తన మాట తాను చెప్పొచ్చని ఆ కథ నూట పదేళ్లకు ముందే చూపించింది. నేటి ఇళ్లలో ఉత్తరాల అవసరం లేదు. మాట కావాలి, అదీ సరైన వేళకు కావాలి.

వేళ ముఖ్యమనడానికి ఆధారం ఉంది. కొత్త జంటలు ఒక గొడవ గురించి మాట్లాడుకుంటున్నప్పుడు మొదటి మూడు నిమిషాలు ఎలా గడిచాయన్నదాన్ని బట్టే ఆ పెళ్లి నిలుస్తుందో లేదో చాలావరకు అంచనా వేయొచ్చని గాట్‌మన్, సిబిల్ కారేర్ కలిసి 1999లో చూపించారు. నిందతో మొదలైన మాట నిందతోనే ముగుస్తుంది. పొద్దున ఆరూ నలభైకి, పాలు సోఫా మీద కారుతున్నప్పుడు మొదలైన చర్చకు మంచి ముగింపు రావడం కష్టం. అదే మాట రాత్రి పాప పడుకున్నాక 'ఈ వారం నేను బాగా అలిసిపోయాను, రేపటి నుంచి పొద్దున పాలు నీ పని అనుకుందామా' అని మొదలైతే అదే మనిషి వేరే మనిషిలా వింటాడు.

గాట్‌మన్ పరిశోధనలో తేలిన ఇంకో సంగతి చాలామందికి ఊరట. దంపతుల మధ్య వచ్చే తగాదాల్లో 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తీరేవి కావు. స్వభావాల్లో, పెరిగిన తీరులో ఉన్న తేడాల నుంచి వచ్చేవవి. సంతోషంగా ఉన్న జంటలకూ అవి ఉంటాయి. వాళ్లు వాటితో కలిసి బతకడం నేర్చుకున్నారు. అందుకు ఆయన చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది: కాగితం మీద ఒకదాని లోపల ఒకటిగా రెండు వృత్తాలు గీసుకుని, ఏ మాత్రం వదులుకోలేనివి లోపలి దాంట్లో, అటూ ఇటూ మార్చుకోగలిగినవి బయటి దాంట్లో ఇద్దరూ విడివిడిగా రాసుకోవాలి.

ఉదాహరణకు నెలకోసారి ఖమ్మంలోని తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లడం అతను వదులుకోలేనిది. మధ్యాహ్నం పూట పాప నిద్ర చెడకూడదన్నది ఆమె వదులుకోలేనిది. ఏడాది, రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కాబట్టి ఆమె పట్టుదలకు కారణం ఉంది. వెళ్లాలా వద్దా అని పోట్లాడితే ఒకరు గెలుస్తారు. ఏ వేళకు బయల్దేరాలన్నది మాత్రం ఇద్దరూ మార్చుకోగలరు. పన్నెండున్నరకు అన్నం పెట్టేసి కారెక్కితే పాప కునుకు సూర్యాపేట దాకా సాగుతుంది. అతని ప్రయాణం ఆగలేదు, ఆమె మాట పోలేదు.

అమ్మమ్మ, నానమ్మ... ఇంకో నాలుగు చేతులు

పసిబిడ్డ ఉన్న ఇంటికి పెద్దవాళ్లను మించిన ఆసరా లేదు. అమెరికాలో అది ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ 1993 నాటి చట్టం బిడ్డ పుట్టినప్పుడు 12 వారాల సెలవుకు హక్కు ఇచ్చింది కానీ ఆ సెలవుకు జీతం ఇవ్వాలనలేదు. అందుకే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగిళ్లలో విజిటర్ వీసా మీద అమ్మానాన్నలు ఒక ఆర్నెల్లు, వాళ్లు వెళ్లే వేళకు అత్తమామలు ఇంకో ఆర్నెల్లు ఉండేలా టికెట్లు కొంటారు. ఆవకాయ జాడీతో పాటు ఉగ్గు గిన్నె కూడా సముద్రం దాటుతుంది.

పెద్దవాళ్లతో పాటు వాళ్ల పద్ధతులూ వస్తాయి. తాత చాక్లెట్ ఇస్తాడు, నాన్న వద్దంటాడు. నానమ్మ టీవీ పెట్టి అన్నం పెడుతుంది, కోడలు నోరెత్తలేదు. ఇక్కడ చాలామందికి పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. తన తల్లిదండ్రులకు చెప్పాల్సింది ఎవరికి వారే చెప్పుకోవడం. కోడలు చెబితే ఎదురుచెప్పినట్టుంటుంది, కొడుకు చెబితే ఇంటి మాటలా ఉంటుంది. 'అమ్మా, డాక్టరు టీవీ వద్దన్నారు, నువ్వు కథ చెప్పు, నీ కథలంటే దానికి ప్రాణం' అని కొడుకు అంటే నానమ్మ మనసు కష్టపెట్టుకోదు. ఆ మాట అత్తగారి ఇంటికి ఫోన్ చేసి అల్లుడు చెప్పాల్సిన అవసరమూ ఉండదు, అక్కడ కూతురు చూసుకుంటుంది.

పెద్దవాళ్ల అండ, ఏసీ గది లేని ఇళ్లూ ఉన్నాయి. భవన నిర్మాణ పనిలో భర్త తాపీ పట్టుకుంటే, భార్య ఇటుకలు మోస్తుంది. రెండు పిల్లర్ల మధ్య కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డ. ఏడిస్తే దగ్గరలో ఎవరుంటే వాళ్లు ఊపుతారు. చాలాసార్లు సిమెంటు చేతులతో తండ్రే ఊపుతాడు. 50 మందికి మించి మహిళలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 1996లోనే చట్టం వచ్చింది. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకంతో ఊరూరా వచ్చిన అంగన్‌వాడీలు బిడ్డకు బాలామృతం ప్యాకెట్ ఇస్తాయి. తల్లి పనికెళ్లే గంటలంతా బిడ్డను చూసుకునే చోటు కావాలంటే అంగన్‌వాడీతో కలిసిన క్రెష్‌లు ఉండాలి. కేంద్రం తెచ్చిన 'పాల్నా' పథకం ఉద్దేశం అదే. అలాంటి గది వీధి చివర ఉంటే భార్యాభర్తల మధ్య సగం వాదన పుట్టదు.

నాన్నకు సెలవేదీ?

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం ఉద్యోగిని అయిన తల్లికి మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చంది. ఎంతో మేలు చేసిన చట్టం. నాన్న ప్రస్తావన మాత్రం అందులో లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగంలో ఉన్న తండ్రికి ఎన్ని రోజులన్నది సంస్థ దయ. స్వీడన్‌లో తల్లిదండ్రులకు కలిపి 480 రోజులుంటాయి, అందులో 90 రోజులు ఒక్కొక్కరికి ప్రత్యేకం. నాన్న వాడుకోకపోతే అవి అమ్మకు బదిలీ కావు, పోతాయి. అందుకే అక్కడి నాన్నలు వాడుకుంటారు.

మన దగ్గరా గాలి మారుతోంది. 2015 ఫిబ్రవరిలో కూతురు పుట్టినప్పుడు ధోనీ ప్రపంచకప్ కోసం జట్టుతో ఆస్ట్రేలియాలో ఉన్నాడు. దేశం మెచ్చుకుంది. అయిదేళ్లు తిరిగేసరికి, 2020 డిసెంబరులో అడిలైడ్ టెస్టు ముగియగానే కెప్టెన్ కోహ్లి తొలి బిడ్డ పుట్టే సమయానికి భార్య పక్కన ఉండాలని సిరీస్ మధ్యలో ఇంటికొచ్చాడు. కొందరు తప్పుపట్టినా చాలామంది అర్థం చేసుకున్నారు. 2024 నవంబరులో రోహిత్ శర్మ బిడ్డ పుట్టిన వేళ పెర్త్ టెస్టుకు దూరంగా ఉన్నప్పుడు ఆ చర్చే పెద్దగా జరగలేదు. కెప్టెన్ సెలవు పెట్టగలిగితే, టీమ్ లీడ్ కూడా 'పాపకు టీకా ఉంది, పొద్దున రాలేను' అని మెయిల్ పెట్టగలడు. ఆ మెయిల్ ఒకరు పెడితే పక్క సీట్లోవాళ్లకూ ధైర్యం వస్తుంది.

రాత్రి తొమ్మిదిన్నర

నిజాంపేటలోని ఆ ఇంటికి మళ్లీ వెళ్దాం. నెల గడిచింది. పాప పడుకుంది. హాలంతా బొమ్మలు. వంటింటి గట్టు మీద రేపటి ఇడ్లీపిండి మూత పెట్టి ఉంది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. అందులో రెండు రంగుల రాత. 'పొద్దున పాలు, స్నానం, టీకాలు, ప్లేస్కూల్ ఫీజు' నీలం రంగులో. 'మధ్యాహ్నం అన్నం, నిద్ర, బట్టలు, డైపర్లు' ఎరుపులో. కింద రెండు రంగుల్లోనూ ఒకే మాట, 'రాత్రి లేవడం: రోజు విడిచి రోజు'. మంగళవారం దగ్గర కొట్టివేతలు చాలా ఉన్నాయి. మంగళవారాలు అతనికి అమెరికా వాళ్లతో కాల్ ఉంటుంది, ఆ సంగతి ఇంకా తేలలేదు.

ఆమె బొమ్మలు బుట్టలో వేస్తోంది. సోఫా కింద చెయ్యి పెడితే ఏనుగు బొమ్మ కప్పు దొరికింది.

'దీన్నేం చేద్దాం?'

'ఉంచు. నిన్న పొద్దున అదే అడిగింది.'

'స్టీలు గ్లాసు?'

'ఇప్పుడది వద్దంట' అన్నాడతను, కప్పు అందుకుని సింకు దగ్గరికి నడుస్తూ. ఈ సంగతి ఆమెకు తెలియదు. అతను చెప్తుంటే ఆమె చేతిలో బొమ్మతో అలాగే నిలబడి వింది.